నల్లకోటు మీది తెల్లనూగు: ఒక రోలరు, ఒక షేవరు, ‘లింట్’ అనే ఒక మాట

చిత్తూరు కోర్టులో ఇరవై రెండేళ్లుగా న్యాయవాదిగా పనిచేస్తున్న నాకు రెండు నల్లకోట్లు ఉన్నాయి. ఒకటి పాలిస్టరు, విస్కోసు కలిసిన బట్టతో కుట్టించినది, రోజూ వేసుకునేది. రెండవది ఉన్ని కలిసినది, హైకోర్టుకు వెళ్లవలసి వచ్చినప్పుడు మాత్రమే బయటకు తీసేది. ఎండాకాలంలో హైకోర్టులు, సుప్రీంకోర్టు తప్ప మిగిలిన కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నప్పటికీ, ఏడాదిలో మిగిలిన నెలలన్నీ ఆ కోటులోనే గడుస్తాయి. నల్లబట్ట దేనినీ దాచదు. తెల్లచొక్కా నుంచి, తువ్వాలు నుంచి, మెడకు కట్టే తెల్లబ్యాండు నుంచి రాలిన నూగంతా భుజాల మీదా కాలరు కిందా చేరి, దూరం నుంచి చూసేవారికి సున్నపు గోడకు ఆనుకుని వచ్చినట్టుగా కనిపిస్తుంది. న్యాయమూర్తి ముందు అలా నిలబడడం నాకు ఎన్నడూ నచ్చలేదు. అందుకే ఈ నూగును తీయడానికి దొరికే సాధనాలను కొని, నాలుగు నెలలు వాడి, నాకు తేలిన విషయాలను ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట జరిగిన సంగతి చెప్పాలి, ఎందుకంటే ‘లింట్’ అనే పేరు మీద నా ఫిర్యాదుకు మూలం అందులోనే ఉంది. తోటి న్యాయవాది ఒకరు సలహా ఇవ్వగా, నూగును జిగురు కాగితంతో తీసే సాధనం కోసం చీటీ మీద ‘లింట్ రోలర్’ అని వ్రాసి మా గుమాస్తాను బజారుకు పంపాను. అరగంట తరువాత అతను నీలిరంగు కాగితం చుట్టిన తెల్లగుడ్డ చుట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“సార్, మెడికల్ షాపాయన ‘ఫిజియోథెరపీకా, పుండుకు కట్టేదానికా’ అని అడిగినాడు. నాకు తెలీలే. పుండుకే అనేసినా,” అన్నాడు.

తప్పు అతనిది కాదు, మందుల దుకాణం వారిదీ కాదు. వారు ఇచ్చినది నిజంగా లింటే, చుట్టగా అమ్మే లింటే. ఒక వైపు నున్నగా, రెండవ వైపు నూగు లేపి మెత్తగా ఉండే ఆ నూలుగుడ్డను గాయాల మీద కట్టడానికి తరతరాలుగా వాడుతున్నారు. ఫిజియోథెరపీలో కండరాలకు సన్నని విద్యుత్తు ఇచ్చేటప్పుడు దీనినే మడతలు వేసి, నీటిలో తడిపి, లోహపు పలకకూ చర్మానికీ నడుమ పెడతారు. నిజానికి ఆ మాటకు ఇదే పాత అర్థం. అవిసె మొక్కకు లాటిన్ భాషలో ‘లీనుమ్’ అని పేరు. ఆ నారతో నేసిన బట్ట లినెన్ అయింది, ఆ పాత బట్టను కత్తితో గీకి తీసిన మెత్తని పీచు లింట్ అయింది. యంత్రాలు రాకముందు గాయాలకు అదే దూది. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధ కాలంలో ఆడవారు ఇళ్లలో కూర్చుని పాత లినెన్ గుడ్డలు గీకి, ఆ పీచును సైనికుల ఆసుపత్రులకు పంపేవారు. మన పక్కనే ఉన్న పుత్తూరులో ఎముకల కట్టుకు ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొనతో పాటు గుడ్డపీలికలు వాడడం చూసి పెరిగిన మాకు, గుడ్డే వైద్యంలో భాగం కావడం వింతగా తోచదు. అయితే పీచు వదిలే గుడ్డకు ఒక లోపం ఉంది. వదులుపోగులు గాయంలో ఉండిపోతే అది మానడానికి అడ్డు. అందుకే ఇప్పుడు ఆసుపత్రుల్లో పీచు రాలని గుడ్డను ప్రత్యేకంగా అడిగి కొంటారు. గాయాన్ని మాన్పడానికి పుట్టిన మాట చివరకు, గాయం దగ్గరకు రాకూడని పీచుకు కూడా పేరైంది.

ఆ తరువాతి ఆదివారం తిరుపతి వెళ్లినప్పుడు గాంధీ రోడ్డులోని ఒక గృహోపకరణాల దుకాణంలో నేనే స్వయంగా అడిగాను. దుకాణదారు మూడు వస్తువులు చూపించాడు. మొదటిది జిగురు కాగితాల రోలరు, అరవై పొరలది, నూట ఎనభై రూపాయలు. రెండవది మఖమలు గుడ్డ అతికించిన బ్రష్షు, నూట ఇరవై రూపాయలు. మూడవది షేవరు అనే, ఛార్జింగు పెట్టుకునే చిన్న మిషను, నాలుగు వందల తొంభై రూపాయలు. మూడింటి డబ్బాల మీదా ఒకటే పేరు: ‘లింట్ రిమూవర్’. మూడూ కొన్నాను. బ్రష్షు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఒక వైపు తుడిస్తే నూగు వస్తుంది, చేయి మరచి రెండవ వైపు తుడిస్తే తీసిన నూగునంతా తిరిగి కోటుకే అంటిస్తుంది. రెండవ వారానికి దానిని పక్కన పెట్టాను.

రోలరు మాత్రం నా అంచనాకు మించి పనిచేసింది. కోటును హ్యాంగరుకు తగిలించి, కాలరు నుంచి కిందికి ఒకే దిశలో నాలుగైదు సార్లు దొర్లిస్తే చాలు, భుజాల మీది నూగు, తలవెంట్రుకలు, చుండ్రు పొట్టు అంతా కాగితానికి అంటుకుని వస్తాయి. ఒక కోటుకు రెండు పొరలు సరిపోతున్నాయి. పాత పొరను చింపడానికి కాగితం మీద ఏటవాలుగా గాటు పెట్టి ఉంటుంది. ఆ గాటు దొరకక మొదటి రోజుల్లో పొరలు పీలికలుగా చిరిగాయి, అలవాటైన తరువాత ఆ ఇబ్బంది పోయింది. వానలో తడిసి వచ్చిన కోటు మీద ఇది పనిచేయదు, బట్ట పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఎండలో నిలిపిన కారులో కూడా దీనిని వదలకూడదు. ఒక మధ్యాహ్నం అలా వదిలినప్పుడు జిగురు మెత్తబడి, పై పొరలు రెండూ ఒకదానికొకటి కరుచుకుని పనికిరాకుండా పోయాయి.

ఇక మిషను. దీని పైభాగంలో సన్నని రంధ్రాలున్న లోహపు జల్లెడ, దాని కింద గిరగిర తిరిగే మూడు రెక్కల బ్లేడు ఉంటాయి. బట్ట మీద ఉబికి ఉన్న ఉండలు ఆ రంధ్రాల్లోకి దూరితే బ్లేడు వాటిని కోసి, వెనుక ఉన్న చిన్న గిన్నెలోకి తోసేస్తుంది. నల్లకోటు భుజాల మీది తెల్లనూగును తీయడానికి దీనిని ఎంతసేపు తిప్పినా ఫలితం లేకపోయింది. నూగు బట్టకు అంటిపెట్టుకుని పడుకుని ఉంటుంది, రంధ్రంలోకి లేవదు. వస్తువు పనికిరానిదని నేను తొందరపడి తీర్మానించి ఉండేవాణ్ణి. అదే మిషనును పాత స్వెట్టరు మీద, తిరుమలలో చలికాలపు తెల్లవారుజామున మా నాన్నగారు కప్పుకునే ఉన్నిశాలువా మీద నడిపినప్పుడు మాత్రం, పదేళ్లుగా పేరుకున్న ఉండలు పావుగంటలో పోయి శాలువా నేత మళ్లీ కనిపించింది. ఆయన దానిని చేతిలోకి తీసుకుని, ఇది పాతదేనా అని రెండుసార్లు అడిగారు.

ఈ తేడా ఎందుకో తెలుసుకోవడానికి కోటు మోచేతులను దీపం కింద పెట్టి చూశాను. భుజాల మీద ఉన్నది తెల్లగా ఉంది, మోచేతుల దగ్గర ఉన్నది నల్లగా ఉంది. తెల్లది బయటి నుంచి వచ్చినది. నల్లది కోటు సొంత పోగు. దారంలో పైకి తేలిన పోగు చివరలు బల్లకూ ఫైళ్లకూ రాసుకుని, ఒకదానితో ఒకటి మెలిపడి, చివరకు ఉండ కడతాయి. నూలుబట్టలో అటువంటి ఉండ కొంతకాలానికి తానే తెగి రాలిపోతుంది. పాలిస్టరు పోగు గట్టిది కనుక ఉండను బట్టకు కట్టిపడేసి ఉంచుతుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అనే మన మాట దీనికి అక్షరాలా సరిపోతుంది, దూది ఏకులా మెత్తగా మొదలైన పోగే బట్టలో మేకులా దిగబడుతుంది. బయటి నూగును జిగురు పట్టుకుంటుంది. సొంత ఉండను కోయవలసిందే. కోసిన ప్రతిసారీ బట్టలో కొంత తరుగుతుంది కూడా, కనుక ఆ పని ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించకూడదు.

నా అభ్యంతరం ఇక్కడే. ఒక డబ్బా మీద వ్రాసిన మాటను నమ్మి డబ్బు పెట్టిన కొనుగోలుదారుకు ఆ మాట అర్థం స్పష్టంగా తెలియాలి. బట్ట మీద విడిగా చేరిన పీచు లింట్. బట్టలోనే కట్టిన ఉండ లింట్ కాదు. రెండింటినీ తీసే సాధనాలను ఒకే పేరుతో అమ్మితే, ఉండల కోసం రోలరు కొన్నవారూ, నూగు కోసం మిషను కొన్నవారూ ఇద్దరూ మోసపోయామని అనుకుంటారు. వస్తువులు రెండూ మంచివే అయినప్పటికీ పేరు వల్ల రెండింటికీ చెడ్డపేరు వస్తుంది. తెలుగులో మనకు నూగు, ఉండ అని రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. డబ్బా మీద ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి తెలుగులో అచ్చువేస్తే చాలు, ఎవరూ పొరబడరు.

ఈ మాట మీద ఆసక్తి పెరిగి నగరిలో మరమగ్గాలున్న నా కక్షిదారు ఒకరిని అడిగాను. నగరి, ఏకాంబరకుప్పం మగ్గాల షెడ్లలో పోగు నుంచి రాలిన నూగు ట్యూబులైట్ల మీదా కిటికీ ఊచల మీదా మంచులా పేరుకోవడం నేను కళ్లారా చూశాను. అరవం కలిసిన మాటలో అక్కడివారు దానిని ‘పంజు’ అంటారు. అయితే వ్యాపారపు కాగితాల్లో లింట్ అంటే ఆ చెత్త కాదని ఆయన చెప్పారు. చేలో ఏరిన పత్తి నుంచి జిన్నింగు మిల్లులో గింజ తీసివేసిన తరువాత మిగిలే దూదే లింట్. నూరు కిలోల పత్తికి సుమారు ముప్పై మూడు నుంచి ముప్పై ఐదు కిలోల దూది వస్తుంది, మిగిలినదంతా దాదాపుగా గింజే. ఆ దూదిని నొక్కి నూట డెబ్బై కిలోల బేళ్లుగా కట్టి అమ్ముతారు. గింజను అంటిపెట్టుకుని మిగిలిన పొట్టి నూగుకు లింటర్స్ అని వేరే పేరు ఉంది, దాని వాడకం వేరు, ధర వేరు. ఒక ఒప్పందంలో లింట్ అని వ్రాసి, పత్తి అనే ఉద్దేశంతో ధర నిర్ణయిస్తే ఎంత నష్టం జరుగుతుందో ఊహించవచ్చు. దూది ధూళిని ఏళ్ల తరబడి పీల్చేవారికి, సెలవు తరువాత పనికి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టు ఉండే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మగ్గం దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోని కుర్రవాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు ఒప్పదు.

మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమె నోట కూడా ఈ మాట రోజూ వినిపిస్తుందని అప్పుడే గమనించాను. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన 1978లో, సీ అనే కంప్యూటరు భాషలో వ్రాసిన ప్రోగ్రాములలోని అనుమానాస్పదమైన చోట్లను పట్టి చూపే ఒక పనిముట్టును తయారుచేసి దానికి లింట్ అని పేరు పెట్టారు. ప్రోగ్రాము నడుస్తుంది, కాని దాని మీద నూగు ఉంది అని చెప్పడమే దాని పని. ఇప్పుడు అటువంటి పనిముట్లన్నిటినీ లింటర్లు అంటున్నారు. వకాలత్ కాగితాలకు కూడా అటువంటిది ఒకటి ఉంటే బాగుండునని నాకు నిజంగానే అనిపించింది.

రోలరు వాడేవారు నూగు వచ్చే దారిని కూడా మూయాలి, లేకపోతే కాగితాలు కొనడానికే సరిపోతుంది. మా ఇంట్లో కారణం కొత్త తువ్వాళ్లు. కొత్త తువ్వాలు మొదటి కొన్ని ఉతుకులలో చాలా పీచు వదులుతుంది, దానిని నల్ల ప్యాంట్లతో కలిపి వాషింగ్ మిషనులో వేయడం మానేశాం. నల్లబట్టలను తిరగవేసి ఉతకడం, మిషను లోపలి గోడకు ఉండే వల సంచిని వారానికొకసారి తీసి కడగడం మొదలుపెట్టాం. మొదటిసారి తీసినప్పుడు అందులో బూడిదరంగు ముద్ద పిడికెడు వచ్చింది. వల నిండిపోయినప్పుడు నీటిలో తేలే పీచు తిరిగి బట్టలకే చేరుతుంది కనుక, నా కోటు మీది నూగులో సగం పాపం ఆ వలదేనని నా నమ్మకం. వాన లేని పొడి రోజుల్లో పాలిస్టరు కోటుకు రాపిడి వల్ల విద్యుదావేశం పుట్టి నూగును మరింతగా లాక్కుంటుంది, కోటు వేసుకునే ముందు తడిచేతితో ఒకసారి నిమిరితే కొంత తగ్గుతుంది.

ఉండలు కోసే షేవరు మిషను విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. బట్టను బల్ల మీద ముడత లేకుండా పరిచి, నొక్కకుండా పైపైన నడపాలి. నేను స్వెట్టరు మణికట్టు దగ్గర నొక్కి పట్టినందుకు శనగగింజంత చిల్లు పడింది. రెండవది, వెంకటగిరి చీరల వంటి సన్నని నేతకూ జరీ అంచులకూ దీనిని తాకించనే కూడదు. జరీపోగు రంధ్రంలో చిక్కితే ఆ అంచు మళ్లీ బాగుపడదు. గిన్నె చిన్నది కనుక ఒక శాలువాకే రెండుసార్లు ఖాళీ చేయవలసి వచ్చింది. డబ్బాలో అదనపు బ్లేడు ఒకటి ఇచ్చారు, మొదటిది ఇంకా మొద్దుబారలేదు.

నల్లకోటు, ముదురురంగు ప్యాంట్లు వేసుకునేవారు రోలరు ఒక్కటి కొనుక్కుంటే చాలు. ఇంట్లో ఉన్నిబట్టలు, పాలిస్టరు కలిసిన పాతకోట్లు ఉన్నవారికి మిషను మీద పెట్టిన డబ్బు వృథా పోదు. కొనే ముందు బట్ట మీద ఉన్నదాని రంగు చూసుకోండి, బట్ట రంగే అయితే మిషను, వేరే రంగైతే రోలరు. అరవై పొరలు నాకు ఆరు వారాలు వచ్చాయి. కాగితపు చుట్ట విడిగా తొంభై రూపాయలకు దొరుకుతుంది, కాని చిత్తూరులో కొన్న రెండవ చుట్ట పిడి కంటే అర అంగుళం పొట్టిగా ఉండి దొర్లించినప్పుడు జారిపోతోంది. కొనడానికి వెళ్లేటప్పుడు పిడిని వెంట తీసుకువెళ్లి, దుకాణంలోనే తొడిగి చూసుకోవడం మంచిది.