ఫైరింజన్ ఎవరి కింద ఉంటే మేలు? రాష్ట్రమా, కార్పొరేషనా?

మొన్న శనివారం మా అపార్ట్‌మెంట్‌లో ఫైర్ డ్రిల్ పెట్టాం. మాది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర 14 అంతస్తుల బిల్డింగ్. ఉన్నవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే. ఈ ఏడాది అసోసియేషన్ కమిటీలో నన్ను ఇరికించారు, అందులోనూ ఫైర్ సేఫ్టీ నా నెత్తిన పడింది. ఆరో అంతస్తులో ఎర్ర బాక్సు తెరిచి చూస్తే గొట్టం ఉంది, దాని మూతికి ఉండాల్సిన ఇత్తడి నాజిల్ లేదు. ఎవరో ఎప్పుడో పాత సామానుకు వేసేశారు. ఎనిమిదో అంతస్తులో నాజిల్ ఉంది, నీళ్ళు రాలేదు. కిందకి దిగి పంపు రూములో చూస్తే అసలు సంగతి తెలిసింది. జాకీ పంప్ (గొట్టాల్లో నీటి ఒత్తిడి తగ్గకుండా చూసే చిన్న పంపు) రాత్రిళ్ళు చప్పుడు చేస్తోందని మొదటి అంతస్తు ఆయన గోల పెట్టాడట. సెక్యూరిటీ అబ్బాయి ప్యానెల్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి తిప్పేశాడు. ఎన్నాళ్ళయింది బాబూ అంటే తల గోక్కున్నాడు. ఫైర్ శాఖ ఇచ్చే అనుమతి కాగితం, అదే ఫైర్ ఎన్‌ఓసీ, మాత్రం ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించి ఉంది, పక్కన వెంకటేశ్వరస్వామి క్యాలెండర్‌తో సహా.

ఆ రాత్రి చెన్నైలో ఉండే మా బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"మీకు అడిగే దిక్కు లేదురా అక్కడ. మాకు కౌన్సిలర్ ఉన్నాడు, కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913 ఉంది" అన్నాడు.

"1913కి కొడితే చెత్త తీస్తారు, నీళ్ళు నిలిస్తే తోడతారు. మీ బిల్డింగ్ పంపు చూడ్డానికి వస్తారా బావా?"

కాసేపు ఆగి, "అది వాళ్ళ పని కాదులే" అన్నాడు.

మరి ఎవరి పని? ఆ రాత్రి మాటలు అక్కడి నుంచి చాలా దూరం పోయాయి.

బెంగళూరు, చెన్నై రెండు చోట్లా ఫైర్ సర్వీసు కార్పొరేషన్ కింద ఉండదు. కర్ణాటకలో 1964 నాటి ఫైర్ ఫోర్స్ చట్టం, తమిళనాడులో 1985 నాటి ఫైర్ సర్వీస్ చట్టం. రెండూ రాష్ట్ర శాఖలే. మన హైదరాబాద్, విజయవాడల్లోనూ అంతే. కానీ 1992లో 74వ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు పన్నెండో షెడ్యూల్‌లో నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చారు. అందులో ఫైర్ సర్వీసు కూడా ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. చాలా రాష్ట్రాలు ఇవ్వలేదు. ఢిల్లీలో అయితే మునిసిపల్ కార్పొరేషన్ దగ్గర ఉన్నదాన్ని 1994లో ప్రభుత్వమే తీసుకుంది.

ముంబైలో కథ వేరు. 1887 నుంచి ఫైర్ బ్రిగేడ్ అక్కడి మునిసిపాలిటీదే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. దేశమంతా ఆ తేదీనే ఫైర్ సర్వీస్ డే చేసుకుంటాం. అక్కడ ఫైరింజన్ ఒక్కటే కాదు, నీళ్ళు కూడా కార్పొరేషన్‌వే. కేఈఎం, సయన్, నాయర్ లాంటి పెద్దాసుపత్రులు కార్పొరేషన్‌వే. దక్షిణ ముంబైలో కరెంటు ఇచ్చే బెస్ట్ సంస్థ కూడా దానిదే. ఒక బిల్డింగ్ అంటుకుంటే కరెంటు ఆపడానికి, ట్యాంకర్లు పంపడానికి, కాలినవాళ్ళను చేర్చుకోవడానికి ఒకే కమిషనర్ కింద ఫోన్లు నడుస్తాయి.

మా బెంగళూరులో చూడండి. మంట ఆర్పేది హోం శాఖ కిందున్న ఫైర్ సర్వీసు. నీళ్ళు బీడబ్ల్యూఎస్ఎస్‌బీ, కరెంటు బెస్కాం. బిల్డింగ్ ప్లాన్ కార్పొరేషన్‌ది, ఒక్కోచోట బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ (బీడీఏ)ది. చెన్నైలోనూ నీళ్ళు మెట్రోవాటర్‌వి, పెద్ద బిల్డింగుల అనుమతులు అక్కడి డెవలప్‌మెంట్ అథారిటీ సీఎండీఏవి. ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందని మా అమ్మమ్మ అనేది. ఇక్కడ గొర్రె ఒక్కటి, యజమానులు అరడజను.

ఇంతవరకూ విని బావ అన్నాడు, "అయితే ముంబై పద్ధతే మేలు, తేలిపోయిందిగా."

తేలలేదు. గుజరాత్‌లో పెద్ద నగరాల్లో కూడా ఫైర్ సర్వీసు కార్పొరేషన్లదే. 2019 మే 24న సూరత్‌లో ఒక కాంప్లెక్స్ పై అంతస్తులో నడుస్తున్న కోచింగ్ సెంటర్ తగలబడి 22 మంది పిల్లలు పోయారు. కిటికీల్లోంచి దూకుతున్న పిల్లల్ని టీవీల్లో దేశమంతా చూసింది, ఎత్తు నిచ్చెన సమయానికి అందలేదు. ఐదేళ్ళ ఒక రోజుకు, 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో 27 మంది. ఆ గేమ్ జోన్‌కి ఫైర్ ఎన్‌ఓసీయే లేదు. తర్వాత అరెస్టయిన వాళ్ళలో టౌన్ ప్లానింగ్ అధికారులు ఉన్నారు, ఫైర్ అధికారులు ఉన్నారు, అందరూ ఒకే కార్పొరేషన్‌లో జీతం తీసుకునేవాళ్ళు. ముంబైలోనూ 2017 డిసెంబరు చివర్లో కమలా మిల్స్‌లో డాబా పైన పబ్బులు కాలి 14 మంది పోతే, కార్పొరేషన్ తన అధికారులనే సస్పెండ్ చేసుకోవాల్సి వచ్చింది. అనుమతి ఇచ్చే చెయ్యీ తనిఖీ చేసే చెయ్యీ ఒకే ఒంటివి అయినప్పుడు, ఒకటి చేసినదాన్ని రెండోది చూసీ చూడనట్టు పోతుంది.

ఇంకో సంగతి డబ్బు. ముంబై కార్పొరేషన్ 2025-26 బడ్జెట్ 74 వేల కోట్ల పైమాటే. అదే ఏడాది మా బెంగళూరు కార్పొరేషన్‌ది దాదాపు 20 వేల కోట్లు, చెన్నైది 8 వేల కోట్ల పైచిలుకు. ముంబై తినగలిగింది కదా అని అందరి విస్తట్లోనూ అదే వడ్డిస్తే అరగదు. పైగా 2025 సెప్టెంబరులో బెంగళూరు ఒక్క కార్పొరేషన్‌ని ఐదు ముక్కలు చేసి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ పెట్టారు. ఫైర్ సర్వీసు కూడా వీళ్ళకే ఇస్తే 90 మీటర్ల నిచ్చెన బండి ఏ ముక్కకి ఇస్తారు? 2022 డిసెంబరులో కర్ణాటక ఫైర్ సర్వీసు ఆ బండిని తెచ్చుకుంది. తూర్పు కార్పొరేషన్‌కి ఇస్తే పడమరవాళ్ళు ఊరుకోరు.

రాష్ట్రం చేతిలో ఉండటంలో మేలు ఇక్కడే కనబడుతుంది. సిబ్బందికి ఒకే శిక్షణ, ఒకే వైర్‌లెస్. ఒక స్టేషన్ బండ్లు చాలకపోతే పక్క స్టేషన్‌వి హద్దులు చూడకుండా వస్తాయి. 2023 అక్టోబరులో హోసూరు దారిలో అత్తిబెలె బాణసంచా దుకాణం పేలి డజనుకు పైగా కుర్రాళ్ళు చనిపోయారు. చాలామంది దసరా, దీపావళి సీజను కూలీకి తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే. అత్తిబెలె బెంగళూరు కార్పొరేషన్‌లో లేదు, దానిది వేరే పురపాలక సంఘం. అలాంటి చిన్న ఊరు సొంతంగా ఫైర్ దళాన్ని పోషించగలదా?

2014 జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలింది కూడా అలాంటి చోటే. 61 మంది చనిపోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్ళినవాళ్ళు చాలామంది. మా బావ వాళ్ళ ఆఫీసులో తెలుగువాళ్ళు చందాలు వేసుకుని ఊళ్ళకు పంపారు. అక్కడ ఫైర్ సిబ్బంది, అరక్కోణం నుంచి వచ్చిన ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళు రోజుల తరబడి శిథిలాలు తవ్వి బతికున్నవాళ్ళను పైకి లాగారు. ఆ పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మనకు వంక ఎప్పుడూ కూలడానికి ముందు జరిగినదాంట్లోనే.

బెంగళూరువాళ్ళకు కార్ల్‌టన్ టవర్స్ గుర్తుండే ఉంటుంది. 2010 ఫిబ్రవరి 23, పాత ఎయిర్‌పోర్టు రోడ్డు. మంట కంటే పొగే చంపింది. ఎమర్జెన్సీ దారులకు తాళాలు. ఊపిరాడక పై అంతస్తుల నుంచి దూకినవాళ్ళు ఉన్నారు. మొత్తం 9 మంది. కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి తర్వాత బియాండ్ కార్ల్‌టన్ అని సంస్థ పెట్టి ఇన్నేళ్ళుగా ఇదే పని మీద తిరుగుతున్నారు. ఫైరింజన్ పది నిమిషాలు ముందొచ్చినా తాళం వేసిన తలుపు తాళం వేసినట్టే ఉంటుంది. నగరత్‌పేటలో 2025 ఆగస్టులో కింద గోదాము, పైన కాపురం ఉన్న ఇంట్లో ఐదుగురు పోయిందీ అంతే. ఆ సందుల్లో ఆటో తిరగడమే గగనం, ఇక ఫైరింజన్ ఎక్కడ పడుతుంది?

ఇలాంటి చోట ఎవరు వెళ్ళి చూడాలి? ఫైర్ అధికారి తనిఖీ చేస్తాడు, నోటీసు ఇస్తాడు. దుకాణం ట్రేడ్ లైసెన్సు ఇచ్చేదీ ఆపేదీ కార్పొరేషన్. పై అంతస్తు అక్రమంగా వేస్తే కూల్చాల్సిందీ కార్పొరేషనే. పైగా కర్ణాటకలో ఫైర్ ఎన్‌ఓసీ కావాల్సింది 21 మీటర్లు, ఆ పైన ఎత్తున్న బిల్డింగులకు. నగరత్‌పేట ఇళ్ళు, మా వెనక వీధిలోని నాలుగంతస్తుల పీజీలు ఆ లెక్కలోకే రావు. మా బిల్డింగ్‌కి కాగితమైనా ఉంది, ఆ పీజీలకు అదీ లేదు. మంచం పక్కన మంచం, గదికి నలుగురు, కింద మెట్ల కింద గ్యాసు సిలిండర్లు. మన ఊళ్ళ నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చే పిల్లలు ముందు దిగేది వాటిలోనే. ఆ వీధి ఎలా ఉందో హోం శాఖకు తెలియదు. వార్డు ఇంజనీరుకు తెలుసు, చెత్త బండి అబ్బాయికి ఇంకా బాగా తెలుసు.

అందుకే నా ఓటు రెండింటికీ కాదు. బండి, నిచ్చెన, మనిషి, శిక్షణ రాష్ట్రం దగ్గరే ఉండనివ్వండి. తనిఖీ మాత్రం వార్డుకు దిగాలి. మహారాష్ట్ర 2006 చట్టంలో నాకు నచ్చినదొకటి ఉంది. బిల్డింగ్ యజమాని ఏటా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి లైసెన్సున్న ఏజెన్సీతో పరికరాలు పరీక్ష చేయించి ఫారం-బి దాఖలు చేయాలి. ఆ ఫారం కార్పొరేషన్ వార్డు ఆఫీసుకు వెళ్ళి, ఆస్తి పన్ను రసీదుతో ముడిపడితే మా సెక్యూరిటీ అబ్బాయి స్విచ్చి తిప్పిన సంగతి ఆర్నెల్లలో బయటపడేది. ఆ ఫారాలను అప్పుడప్పుడు చెప్పకుండా వచ్చి సరిచూడటం ఫైర్ శాఖ పని. అప్పుడు ఒకరి పని ఇంకొకరు చూస్తారు. రాజ్‌కోట్‌లో లేనిది ఇదే.

బావ ఒప్పుకోలేదు. "కార్పొరేషన్‌కి ఇస్తే లంచాల కౌంటరు ఇంకొకటి తెరిచినట్టే" అన్నాడు. అదీ నిజమే. కానీ చెన్నైలో 2022 నుంచి ఎన్నికైన కౌన్సిలర్లున్నారు, ఇంటికెళ్ళి నిలదీయొచ్చు. మా దగ్గర 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు ముగిశాక ఏళ్ళ తరబడి ఎన్నికలే లేవు. నిలదీయడానికి ఇల్లే లేదు. కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇవాళ చెన్నైలో నడవొచ్చు, బెంగళూరులో కార్పొరేటర్లు వచ్చేదాకా సగమే నడుస్తుంది. 2023 ఆగస్టులో బెంగళూరు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఆవరణలోని క్వాలిటీ ల్యాబే కాలి, గాయపడ్డ చీఫ్ ఇంజనీరు తర్వాత చనిపోయారు. ఊరి బిల్డింగులను చూడాల్సినవాళ్ళు ముందు సొంత గదులు చూసుకోవాలన్నది బావ పాయింటు. కాదనలేకపోయాను.

వరదల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరం ఒకటే మాట మీదకొచ్చాం. 2015 డిసెంబరులో బావ సైదాపేటలో కింది అంతస్తులో అద్దెకుండేవాడు. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలిన రాత్రి అది. గేట్లు రాష్ట్ర శాఖవి, వీధులు కార్పొరేషన్‌వి. తెల్లారేసరికి ఫ్రిజ్ వంటింట్లో తేలుతోంది, అక్కయ్య పాస్‌పోర్టులు గిన్నెల డబ్బాలో పెట్టుకుని డాబా మీద కూర్చుంది. సముద్రం ఒడ్డు నుంచి పడవ తెచ్చిన జాలరి కుర్రాళ్ళు దింపారు. 2022 సెప్టెంబరులో మా అవుటర్ రింగ్ రోడ్డు మునిగి ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు పోయినప్పుడూ పడవలు ఒకరివి, పూడిన రాజకాలువలు (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువలు) ఇంకొకరివి. ఇది ఒకే చోట ఉండాల్సిన పని. 2025లో విపత్తు నిర్వహణ చట్టానికి చేసిన సవరణ ఆ దారి చూపింది. రాజధానులకు, కార్పొరేషన్లున్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ అథారిటీ పెట్టుకోవచ్చు. కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు. ఇంతకాలం జిల్లాకు కలెక్టరే పెద్ద, మునిగేది నగరం. ఇక్కడ పగ్గాలు నగరం చేతికి ఇవ్వడమే మేలని నాకు అనుమానం లేదు.

ఫోన్ పెట్టేముందు బావను ఒకటి అడిగాను. "మీ ఫ్లోర్‌లో ఎర్ర బాక్సు తెరిచి ఫొటో పెట్టు." పది నిమిషాలకు వాట్సాప్‌లో వచ్చింది. గొట్టం లేదు. పనమ్మాయి చీపురు, ఫినాయిల్ డబ్బా, పక్కన ఎవరివో చెప్పులు.