మా వీధి ఎల్‌ఈడీ దీపాలు: ఏడేళ్ల తర్వాత

కరెంటు ఎంత ఆదా అవుతుందో అందరికీ తెలిసిందే, అది వదిలేస్తాను. నాకు అన్నిటికంటే నచ్చింది ఒక్కటే: రాత్రిపూట రంగులు కనిపిస్తున్నాయి.

పాత సోడియం దీపాల కింద అంతా పసుపే. ఏడు దాటాక బండి మీద వంకాయలు కొంటే పుచ్చులు ఇంటికొచ్చాకే బయటపడేవి. ఇప్పుడు వీధి చివర ఇస్త్రీ బండాయన రాత్రి తొమ్మిదింటి దాకా పని చేసుకుంటున్నాడు. చొక్కా కాలర్ మీద మరక ఉంటే తీసుకునేటప్పుడే చూపించి, "ఇది ముందు నుంచీ ఉంది బాబూ" అంటాడు. ఇదివరకు తెల్లారాక మాట పడేవాడు.

ఈ దీపాలు నేను మొదట చూసింది విశాఖలో. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చీకట్లో ముంచాక, ఏడాది తిరిగేలోగా వేల ఎల్‌ఈడీలు వచ్చాయి. ముందు పెట్టుబడి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్‌ది. కరెంటు బిల్లులో ఆదా అయిన డబ్బులోంచి ఆ బాకీ విడతలుగా తీరుతుంది. డబ్బుల్లేని ఊళ్లకు కొత్త పరికరం రావాలంటే ఇలాంటి ఏర్పాటే కావాలి. మా చిన్న ఊరికీ దీపాలొచ్చినప్పుడు, "ఒకసారి పెడితే ఇక చూసుకోనక్కర్లేదు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

ఆ మాట ఇప్పుడు అనలేను. పోయిన కార్తీకంలో పదకొండు రాత్రులు వీధంతా చీకటి. మునుపు లైన్‌మ్యాన్ సాయంత్రం వచ్చి స్విచ్ వేసేవాడు. ఇప్పుడు వరుసలో ఉన్న దీపాలన్నిటికీ ఒకటే డబ్బా, అందులో టైమర్. వానకు తడిసి ఆ గడియారం పన్నెండు గంటలు తప్పింది. దీపాలు పగలంతా వెలిగి, సరిగ్గా చీకటి పడే వేళకు ఆరిపోయేవి. స్తంభం మీద అంటించిన పోస్టర్ గీకి, నంబరు చదివి కంప్లైంట్ ఇచ్చాను. మర్నాడు మధ్యాహ్నం ఎవరో వచ్చి, దీపాలు వెలుగుతున్నాయని చూసుకుని వెళ్లారు. ఫోన్‌కు "పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ ఇచ్చాను, మళ్లీ అదే. ఎనిమిదో రాత్రి గుడి నుంచి వస్తూ పక్కింటి మామ్మగారు కాలవ గట్టు కనపడక పడ్డారు. మణికట్టు విరిగింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

చివరికి ఒక కుర్రాడు రాత్రిపూట వచ్చాడు. డబ్బా తెరిచి, బ్యాటరీ మార్చి, టైమ్ సరిచేశాడు. పావుగంట పని. వచ్చింది రాత్రి కాబట్టే లోపం దొరికింది.

తెల్లటి వెలుగు గురించీ చెప్పాలి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నాన్నకు ఆ స్తంభం వైపు చూస్తే కళ్లు జిగేల్‌మంటున్నాయి. ఆయన కుర్చీ అవతలి వైపుకు తిప్పాం. మాది కింది వాటా, సాయంత్రాలు బయట తిరిగే ఇల్లు, కాబట్టి నాకు పాత దీపాలు మళ్లీ వద్దు. పడగ్గది కిటికీకి ఎదురుగా దీపం ఉన్న మేడమీద వాళ్లు ఇంకోలా చెప్పొచ్చు.

డబ్బా నంబరు మాత్రం క్యాలెండర్ వెనక రాసిపెట్టాను. వాన పడిన రాత్రి ఒకసారి వీధిలోకి వెళ్లి చూసి వస్తున్నాను.