ప్రైవేటు కళాశాల విద్యార్థులకు రాష్ట్ర గ్రాంటు: టెక్సస్, వర్జీనియా నిబంధనల పోలిక

అమెరికాలో లాభాపేక్ష లేని ప్రైవేటు కళాశాలల్లో చదివే విద్యార్థుల కోసం టెక్సస్ 1971లో ట్యూషన్ ఈక్వలైజేషన్ గ్రాంటును (గ్రాంటు అంటే తిరిగి చెల్లించనక్కర్లేని సాయం), వర్జీనియా 1972లో ట్యూషన్ అసిస్టెన్స్ గ్రాంటును ప్రారంభించాయి. రెండింటికీ సాధారణంగా ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలి. మతాచార్య శిక్షణకు సంబంధించిన కోర్సులు రెండింటిలోనూ చెల్లవు.

అసలు తేడా కుటుంబ ఆర్థిక స్థితిని చూడడంలో ఉంది. వర్జీనియా ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోదు. పూర్తికాల విద్యార్థి అయి, గడువులోగా దరఖాస్తు చేస్తే చాలు. టెక్సస్ మాత్రం ఆర్థిక అవసరం రుజువు కావాలంటుంది, క్రీడా స్కాలర్‌షిప్ పొందేవారిని పక్కన పెడుతుంది. పైగా గ్రాంటు కొనసాగాలంటే డిగ్రీ విద్యార్థి ఏడాదికి 24 క్రెడిట్లు (కోర్సుల పరిమాణాన్ని కొలిచే యూనిట్లు) పూర్తి చేయాలి, 4కు 2.5 సగటు గ్రేడు నిలుపుకోవాలి, చేరిన కోర్సుల్లో 75 శాతం ముగించాలి.

పరిమిత నిధులు పేద విద్యార్థికే ముందు చేరాలన్న టెక్సస్ పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. అయితే చదువుకుంటూనే ఉద్యోగం చేయక తప్పని విద్యార్థి ఏడాదిలో చేరిన పది కోర్సుల్లో మూడు వదులుకుంటే, ఆ 75 శాతం నిబంధన వల్ల, సాయం ఎక్కువ అవసరమైన అతడే దానికి దూరమయ్యే ప్రమాదం ఉంది. టెక్సస్‌లో తీవ్ర అనారోగ్యం వంటి కష్టాలకు మినహాయింపు కోరే వీలుంది కనుక, అలాంటివారు ఆలస్యం చేయకుండా కళాశాల ఆర్థిక సహాయ విభాగాన్ని సంప్రదించాలి.