ఎనిమిది వేల లోపు కాకినాడలో కింద వాటా: బ్రోకరు బాబాయ్‌గారికి అయిదుకి మూడున్నర

ముందు ఫలితం చెప్పేస్తాను. ఇల్లు దొరికింది. కింద వాటా, ఒక బెడ్‌రూమ్, హాలు, వంటిల్లు, వెనకాల బట్టలుతుక్కునే గట్టు. అద్దె 7,800, అడ్వాన్సు మూడు నెలలది, బ్రోకరు కమిషను సగం నెల అద్దె. చూపించింది రామారావుపేట వైపు ఉండే ఒక పెద్దాయన. పేరు రాయనా అని ఆయన్ని అడగలేదు, కాబట్టి రాయట్లేదు. ఇలాంటి వాళ్ళు కాకినాడలో పేటకొకరు ఉన్నారు. మీకు ఏ బాబాయ్ తగిలినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

మాది ముమ్మిడివరం వైపు. నేను ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్ని, మా ఆయన యానాం రోడ్డులో రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు. పాప రెండో తరగతి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. అంటే కింద ఇల్లే కావాలి, ఎనిమిది వేలు దాటకూడదు. ఈ రెండూ కలిపి అడిగితే కాకినాడలో ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ డాబా కట్టినవాళ్ళు కింద తాము ఉండి, మేడమీద వాటా అద్దెకిస్తారు. టు-లెట్ బోర్డు కనబడి గేటు తీస్తే, ఇంటావిడ వేలు పైకి చూపిస్తుంది.

బాబాయ్ కంటే ముందు ఫోన్లో ఇళ్ళు చూపించే ఒక యాప్‌కి డబ్బు కట్టాం. కడితే ఓనర్ల నంబర్లు నేరుగా ఇస్తామన్నారు. ఇచ్చిన నంబర్లలో సగం బ్రోకర్లవి, మిగతావి ఎప్పుడో ఎవరో దిగిపోయిన ఇళ్ళవి. హైదరాబాదులో బాగా నడుస్తుందేమో. మన ఊళ్ళలో ఇల్లు ఖాళీ అయిన సంగతి ముందు పాలవాడికి, తర్వాత ఇస్త్రీ బండి అతనికి, ఆ తర్వాత బ్రోకరుకి తెలుస్తుంది. ఫోన్‌లోకి ఎక్కేసరికి అందులో ఎవరో పాలు పొంగించేసి ఉంటారు.

బాబాయ్‌గారు ఫోన్ ఎత్తగానే "ఆయ్, చెప్పండమ్మా" అని మొదలుపెట్టి వరసగా అడిగేశారు. ఎంతమంది, ఉద్యోగం ఎక్కడ, బళ్ళు ఎన్ని, నీచు తింటారా, ఆఖర్న "మీరేవిట్లమ్మా?" ఈ చివరి ప్రశ్న నాకు కడుపులో మండింది. అద్దె కట్టేది డబ్బుతోనా, కులంతోనా? అదే మాట అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. "నేను అడక్కపోతే ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబెట్టి అడుగుతారమ్మా. మీకు ఎండలో తిరుగుడు, నాకు పెట్రోలు దండగ" అన్నారు. న్యాయంగా ఉందని అనను. కానీ వడపోత ఫోన్లోనే అయిపోవడం వల్ల, ఆయన తీసుకెళ్ళిన ఏ గుమ్మం దగ్గరా మాకు ఆ ప్రశ్న ఎదురవలేదు. నీచు సంగతీ అంతే. పులస సీజన్లో చేపల పులుసు పెట్టుకోకూడదంటే గోదావరి మనిషి ఇంకెక్కడ ఉండాలండీ! అలాంటి ఇళ్ళు ఆయన మాకు చూపించనే లేదు.

ఆయనకి నేను ఎక్కువ మార్కులు వేసింది నీళ్ళ దగ్గర. కాకినాడలో ఇల్లు చూడ్డమంటే గదులు చూడ్డం కాదు, కుళాయి చూడ్డం. సముద్రం పక్క ఊరు కదా, చాలా వీధుల్లో బోరు నీళ్ళు ఉప్పన. బాబాయ్ చొక్కా జేబులో చిన్న సబ్బు ముక్క ఉంటుంది, కాగితంలో చుట్టి. ఏ ఇంటికెళ్ళినా ముందు పెరట్లో బోరు కుళాయి తిప్పి చేతులు రుద్దుతారు. నురగ రాకపోతే మొహం అదోలా పెట్టి, ఇంటివాళ్ళకి వినబడకుండా "వద్దమ్మా, జుట్టు ఊడిపోద్ది" అంటారు. నేను ల్యాబ్ మనిషిని, నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు పెట్టి అంకె చూస్తే గానీ నమ్మను. ఆయన సబ్బు ఫెయిలన్న చోట నా మీటరు కూడా ఫెయిలే అంది.

ఇంకో ప్రశ్న ఆయనే నేర్పారు, మీరూ వాడుకోండి. "కాలువలు కట్టేశాక మున్సిపల్ కుళాయి ఎప్పుడెప్పుడు వస్తుంది?" ఊరికి మంచినీళ్ళు గోదావరి కాలువ మీదుగా వచ్చేవే. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక డెల్టా కాలువలు మూసి మరమ్మతులు చేస్తారు, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఆ మధ్యలో చెరువుల్లో నిలవ చేసిన నీళ్ళే దిక్కు. సంక్రాంతి రోజుల్లో ఇల్లు చూసినవాడికి ప్రతి కుళాయీ గోదావరిలాగే కనిపిస్తుంది. ఈ ప్రశ్న వేస్తే ఇంటివాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఎంతసేపు ఆగారో చూసుకుంటే చాలు. సంపు ఉందా, దాని మోటారు స్విచ్చి ఎవరింట్లో ఉందీ అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

పేటల గురించి కొంచెం. జేఎన్టీయూ, నాగమల్లితోట వైపు మా బడ్జెట్ సరిపోదు. అక్కడ నలుగురు కుర్రాళ్ళు కలిసి తలా మూడు వేలు వేసుకుంటారు, ఒక కుటుంబం అంత కట్టలేదు. సర్పవరం జంక్షన్ దగ్గర ఇళ్ళు కొత్తవి, బాగున్నాయి, కానీ అన్నీ అపార్టుమెంట్లు, మెయింటెనెన్సు వేరే. ఇంద్రపాలెం, తూరంగి వైపు మా డబ్బుకి రెండు బెడ్‌రూములు వచ్చేలా ఉన్నాయి. నా డ్యూటీ తెల్లారి ఆరింటికి కాబట్టి అంత దూరం వద్దనుకున్నాం. జగన్నాథపురంలో ఒక పాత పెంకుటింటి వాటా నాకు భలే నచ్చింది. అరుగు, దూలాలు, చల్లని గచ్చు. ఇంటాయన "96 తుపానుకి ఒక్క పెంకు లేవలేదు" అన్నాడు. బాబాయ్ బయటికొచ్చాక "పెంకు లేవలేదు గానీ, వానొస్తే వీధి కాలవ ఇంట్లోకి వస్తుందమ్మా. సముద్రం పోటు మీదుంటే నీళ్ళు లాగవు" అన్నారు. గోడకి మోకాలెత్తున ఉన్న తేమ చార నేను అప్పుడు చూశాను.

బేరం కూడా బాగా చేస్తారు. మేం దిగిన ఇంటికి ఓనరుగారు మొదట 8,500 చెప్పారు. బాబాయ్ కాఫీ తాగుతూ, "ఏడాదికి లక్ష దాటిందంటే ఉద్యోగస్తులు మీ పాన్ నంబరు అడుగుతారండి, పన్ను తగ్గింపుకి ఆఫీసులో అద్దె రసీదులు పెట్టుకోవాలి కదా" అన్నారు. 8,500 లెక్కన 1,02,000 అవుతుంది. ఓనరుగారు లోపలికెళ్ళి వాళ్ళావిడతో మాట్లాడి వచ్చి 7,800 అన్నారు. ఆ రసీదుల గొడవ పాత పద్ధతిలో పన్ను లెక్క చూసుకునే వాళ్ళకి. మా ఆయన జీతానికి దాని అవసరమే లేదు. ఓనరుగారు అడగలేదు, మేం చెప్పలేదు.

ఆషాఢం కూడా కలిసొచ్చింది. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఖాళీ ఇల్లు ఖాళీగానే పడుంటుంది. మేం ఆషాఢంలో అడ్వాన్సిచ్చి, శ్రావణంలో మంచిరోజు చూసి పాలు పొంగించాం, మధ్య రోజులకి అద్దె లేదు. ఆ మాట కూడా ఆయనే మాట్లాడి ఒప్పించారు. పాప స్కూలు అప్పటికే మొదలైపోయింది, ఆ కాస్త రోజులూ మా చిన్నత్తయ్యగారింట్లో సర్దుకున్నాం.

ఇక కోసిన మార్కులు. కమిషను చేతిలో పడేవరకే బాబాయ్ మన మనిషి. అగ్రిమెంటు కాగితం ఓనరు రాయించుకొస్తే, ఆయన చదవకుండానే సాక్షి సంతకం పెట్టేశారు. అందులో, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకుంటామని ఉంది. పది నెలలున్నా అంతే, పదేళ్ళున్నా అంతే. మూడు నెలల అడ్వాన్సేమిటి బాబాయ్‌గారూ, కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్ళకి రెండు నెలలే కదా అంటే, "చట్టం ఢిల్లీలో ఉందమ్మా, ఇల్లు కాకినాడలో ఉంది" అన్నారు. కాగితం పదకొండు నెలలకే రాశారు, ఎక్కడైనా అంతే. దానికి నాకు అభ్యంతరం లేదు.

కరెంటు విషయంలో మాత్రం నిజంగా కోపం వచ్చింది. మా వాటాకి విడిగా సర్వీసు లేదు, సబ్ మీటరు. యూనిట్‌కి పది రూపాయలు ఓనరుకి ఇవ్వాలి. విడి మీటరుంటే తక్కువ వాడేవాళ్ళకి తక్కువ రేటు. 2022 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకి రూపాయి తొంభై పైసలే. సబ్బుతో నీళ్ళు చూసిన మనిషికి గోడ మీద సబ్ మీటరు కనబడలేదా? కనబడింది. "మీరు అడగలేదు కదమ్మా" అన్నారు. అడిగినవాటికి అబద్ధం చెప్పరు, అడగనివి చెప్పరు. కాబట్టి మీరు వెళ్తే మీటరు, రంగులు, ఏటా అద్దె ఎంత పెంచుతారు, ఈ మూడూ కమిషను ఇవ్వకముందే ఇంటివాళ్ళ ఎదురుగా ఆయన చేతే అడిగించండి.

ఇళ్ళు చూపించడానికి పెట్రోలుకని రెండొందలు ముందే తీసుకుంటారు, ఇల్లు కుదిరితే కమిషన్లో తగ్గిస్తారు. మధ్యాహ్నం భోజనమయ్యాక నాలుగింటి దాకా ఫోన్ ఎత్తరు. బ్యాచిలర్లకి ఇళ్ళు చూడరు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి కోసం అడిగితే, "వాళ్ళకి ఇల్లు కష్టమమ్మా, మంచం దొరుకుద్ది" అని జేఎన్టీయూ దగ్గర ఒక హాస్టల్ అడ్రసు చెప్పారు. దానికి మాత్రం పైసా తీసుకోలేదు.