ఎన్టీఆర్ భరోసా పింఛను: ఇవ్వడంలో దిట్ట, చేర్చుకోవడంలో నత్త

2024 జూలై 1న ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను తీసుకునే ఒక్కొక్కరి చేతికి 7,000 రూపాయలు వచ్చాయి. 4,000 ఆ నెలది, 3,000 అంతకుముందు మూడు నెలల పెంపు బకాయి. అప్పటినుంచి రేట్లు ఇలా ఉన్నాయి: వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, చేనేత, కల్లుగీత, మత్స్యకారులకి 4,000. దివ్యాంగులకి 6,000. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి 10,000. మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000. 2024లో దాదాపు 65 లక్షల మందికి, నెలకు సుమారు 2,700 కోట్లు. దేశంలో ఇంత పెద్ద మొత్తం నగదుగా ఇంటికి తెచ్చిచ్చే పింఛను అరుదు. అందుకే రాజకీయం పక్కనపెట్టి, దీన్ని ఒక సేవలాగే తూచి చూద్దాం.

ముందు బాగున్న భాగం. నెలాఖరున బ్యాంకు నుంచి నగదు తెచ్చి, గ్రామ, వార్డు సచివాలయం సిబ్బందికి పంచేస్తారు. ఒకటో తారీఖు పొద్దున్నే వాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకటి ఆదివారమో సెలవో అయితే ముందురోజే ఇస్తారు. వేలిముద్ర, పడకపోతే ఐరిస్, అదీ కాకపోతే ముఖం. పొలం పనిలో, పాచిపనిలో అరిగిపోయిన వేళ్ళకి మొదటిది తరచూ మొరాయిస్తుంది. సిబ్బంది రెండో దారి చూపకుండా 'సర్వర్ రావట్లేదు, రేపు రండి' అంటే ఒప్పుకోకండి, ఐరిస్ అడగండి.

ఇందులో చాలామంది పట్టించుకోని చిన్న విషయం నోట్లు. 4,000 అంటే సరిగ్గా ఎనిమిది ఐదొందల నోట్లు. చదువు రాని అవ్వ కూడా ఎనిమిది లెక్కపెట్టుకుంటుంది. 2,250, 2,750 ఉన్న రోజుల్లో యాభైకి చిల్లర లేదనే సాకుకి చోటుండేది. ఇప్పుడు ఏడు నోట్లు చేతిలో పెట్టి తప్పించుకోవడం కష్టం. 'దారిఖర్చు' అంటూ వంద అడిగే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పింఛనుకి ఏ రుసుమూ లేదు, ఇవ్వక్కర్లేదు.

ఇంటికి తేవడం నిజంగా అంత అవసరమా, బ్యాంకులో వేస్తే సరిపోదా అనేవాళ్ళకి 2024 ఎన్నికల వేళ జవాబు దొరికింది. అప్పటిదాకా ఇంటికి పింఛను తెచ్చిచ్చిన వాలంటీర్లని పంపిణీకి దూరంగా ఉంచాలన్న ఎన్నికల సంఘం ఆదేశం తర్వాత ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గరికి రమ్మన్నారు, మేలో చాలామందికి ఖాతాల్లో వేశారు. మండుటెండల్లో ముసలివాళ్ళు బ్యాంకుల ముందు బారులు తీరారు. ఏళ్ళ తరబడి వాడని ఖాతా, ఆధార్ ఏ బ్యాంకుకి జతైందో తెలియకపోవడం, పోనూ రానూ ఆటో ఖర్చు, అన్నీ పింఛను మీదే పడ్డాయి. నడవలేని మనిషికి 'డబ్బు పడింది' అన్న మాటకీ డబ్బు అందడానికీ మధ్య చాలా దూరం.

చేరువలో ఇస్తే మేలన్నది ఇక్కడే రుజువైంది కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో ఊళ్ళోనే ఇచ్చిన పద్ధతిని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పింఛన్లలో మధ్యలో మాయమయ్యే డబ్బు 47 శాతం తగ్గిందని తేల్చారు. కార్డు లేనివాళ్ళకి డబ్బు ఆపెయ్యకపోవడం కూడా అక్కడ పనిచేసింది. మిషన్ పెట్టడం ఒక ఎత్తు, మిషన్ మొరాయిస్తే మనిషిని ఖాళీ చేతులతో పంపకపోవడం మరో ఎత్తు. ఇంటికి తెచ్చిచ్చే పద్ధతికి మా మార్కులు ఐదుకి నాలుగున్నర.

ఇక పేదరికం మీద దీని పని. 2023-24 కుటుంబ వినియోగ సర్వేలో దేశంలో గ్రామీణ సగటు ఖర్చు మనిషికి నెలకు 4,122 రూపాయలు. ఒంటరిగా ఉన్న వితంతువుకి 4,000 వస్తే ఆమె ఆ సగటు పక్కకి వచ్చినట్టే. బియ్యం కార్డు మీద ఎలాగూ వస్తాయి కాబట్టి పింఛను కూరలకీ, మందులకీ, కరెంటు బిల్లుకీ పోతుంది. అదే ఐదుగురున్న ఇంట్లో తలకి 800. పేదరికాన్ని అది తుడిచెయ్యదు గానీ, మందుల కొట్లో ఖాతా పెరగకుండా చూస్తుంది. కొడుకు దగ్గర చెయ్యి చాచాల్సిన ముసలామె మనవడికే ఖర్చుకి ఇవ్వగలుగుతుంది. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను వాటా 2007 నుంచి 200 రూపాయలే, ఎనభై దాటితే 500. పనంతా చేస్తున్నది రాష్ట్రం డబ్బే.

తేడాలు తగ్గించే విషయంలో ఈ పథకం బలం ఒక్కటే: అందరికీ ఒకే మొత్తం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాల చొప్పున ఇచ్చింది, పరిమితి పెట్టలేదు. ఇప్పటి రైతుభరోసా రేటు ఎకరాకి పంటకి 6,000, రెండు పంటలకి 12,000. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి 12,000, పదెకరాలుంటే 1,20,000. పట్టా లేని కౌలుదారుకి సున్నా. సాగుకి పెట్టుబడిగా అది ఎంత పనికొచ్చినా, ఉన్నవాడికి ఎక్కువ ఇచ్చే లెక్క తేడాలు తగ్గించదు. పింఛను అలా కాదు. 48,000 అనేది కూలి చేసే ఇంటికి సగం ఏడాది సంపాదనతో సమానం కావచ్చు, ఆరెకరాల మెట్ట ఉన్న ఇంటికి అదనపు ఆదాయం. ఒకే నోటు పేదింట్లో ఎక్కువ బరువు తూగుతుంది. కోదాడలోని అవ్వకి మాత్రం 2019లో పెంచిన 2,016 దగ్గరే 2025లోనూ ఆగింది. 4,000 చేస్తామన్నది 2023 ఎన్నికల హామీ. పొలిమేర దాటితే జగ్గయ్యపేటలో దాదాపు రెట్టింపు.

అసలు తంటా జాబితాలో పేరెక్కడంలో. దీనికి ఐదుకి రెండు మార్కులకి మించి ఇవ్వలేం. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 మించకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 దాటకూడదు. ఏడాది సగటున కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. కారు ఉండకూడదు (టాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు). ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు (పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు). ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు. పట్నంలో వెయ్యి చదరపు అడుగులకి మించిన ఇల్లు ఉండకూడదు. వీటన్నిటినీ ఆధార్ నంబరు పట్టుకుని కంప్యూటరు వెతుకుతుంది. ఉద్దేశం సబబే, గొడవంతా రికార్డులో. 299 యూనిట్ల ఇంటికి ఏడాదికి 48,000, 301 యూనిట్ల ఇంటికి ఏమీ లేదు. మధ్యలో సగం ఇచ్చే మెట్టు పెట్టలేదు.

తిరస్కరణ వచ్చినప్పుడు ముందు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని ఏ అంశంలో ఆగిందో అడిగి రాయించుకోండి. 'ఎలిజిబుల్ కాదు' అన్న ఒక్క మాటతో వెనక్కి రావద్దు. కరెంటు అయితే, అద్దె ఇంటి మీటరుకో, ఊళ్ళో ఇంకెవరి మీటరుకో మీ ఆధార్ తగిలించి ఉంటుంది. విద్యుత్ శాఖ ఏఈ ఆఫీసులో ఆ జత తీయించాలి. భూమి అయితే 1బీ (భూమి హక్కుల రికార్డు) తీయించి చూడండి. పంచుకున్న పొలం ఇంకా తండ్రి పేరునే ఉండటం, వేరే సర్వే నంబరుకి మీ ఆధార్ ఎక్కడం తరచూ కనిపించేవి, వీటికి తహశీల్దారు ఆఫీసే దిక్కు. కారు అమ్మేసినా ఆర్సీ మారకపోతే ఆర్టీఏ రికార్డులో అది మీదే. కొడుకు పెళ్ళి చేసుకుని వేరుపడినా సచివాలయం కుటుంబ జాబితాలో మీతోనే ఉంటే, అతని ఉద్యోగం మీ పింఛనుని మింగేస్తుంది. ముందు ఆ విభజన చేయించాలి. ఒక బియ్యం కార్డుకి ఒక పింఛనే అన్న నియమం కూడా ఇక్కడే తగులుతుంది. భార్యాభర్తలిద్దరికీ అరవై దాటినా ఒక్కరికే. తీవ్ర వైకల్యం, డయాలసిస్ లాంటి కేసులకే సడలింపు.

2024 నవంబరు నుంచి ఒక మంచి మార్పు వచ్చింది: పింఛను తీసుకునే భర్త పోతే, మరణ ధ్రువపత్రం, ఆధార్ ఇస్తే మరుసటి నెల నుంచి భార్యకి వితంతు పింఛను. కానీ కొత్త ప్రభుత్వం తొలి ఏడాది కొత్త మంజూర్లు ఎక్కువగా ఈ ఒక్క దారిలోనే జరిగాయి. జాబితాలో ఉన్నవాళ్ళకి పెరిగిన వెయ్యి వల్ల, అరవై నిండి ఎదురుచూస్తున్నవాళ్ళకి ఏం ఒరిగింది? పేదరికం లెక్కలో చూస్తే జాబితాలో ఉన్న మనిషికి ఇంకో వెయ్యి కన్నా, బయట ఉన్న మనిషికి మొదటి వెయ్యే ఎక్కువ పనిచేస్తుంది.

పెంపు పద్ధతీ మారాలి. 2014లో 200 నుంచి 1,000, 2019 ఎన్నికల ముందు 2,000, 2024 జనవరిలో 3,000, జూలైలో 4,000. ప్రతి పెద్ద గెంతూ ఎన్నికల చుట్టూనే. మధ్యలో ధరలు పెరిగినన్నాళ్ళూ పింఛను లోలోపల కరిగిపోతూనే ఉంటుంది. ప్రభుత్వోద్యోగి డీఏ (కరువు భత్యం) లాగా ధరల సూచీకి ముడిపెడితే ఏటా వందో రెండొందలో పెరిగేది, పండగలాంటి ప్రకటన మాత్రం ఉండేది కాదు.

పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళే పెద్దలు ఒకటి గుర్తుంచుకోండి. ఒక నెల తీసుకోకపోతే వచ్చే నెల రెండూ ఇస్తారు, రెండు నెలలు తప్పితే మూడో నెల మూడూ కలిపి ఇస్తారు. మూడో నెలా రాకపోతే శాశ్వతంగా వలస వెళ్ళినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. రాష్ట్రంలోనే వేరే ఊరికి మారితే ఆ ఊరి సచివాలయానికి బదిలీ పెట్టుకోవచ్చు, పింఛను ఐడీ, ఆధార్, కొత్త సచివాలయం పేరు చాలు.

దివ్యాంగుల పింఛనుకి సదరం (వైకల్యం ఎంతో తేల్చే వైద్య పరీక్ష) ధ్రువపత్రంలో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. 2025 జనవరి నుంచి మళ్ళీ పరీక్షలు మొదలయ్యాయి. దొంగ ధ్రువపత్రాలు ఏరెయ్యాల్సిందే, కాదనం. మంచం దిగలేని మనిషిని ఆసుపత్రికి రప్పించి తేల్చడం మాత్రం తగదు. నోటీసు వస్తే ఊరుకోకండి, పాత సదరం కాపీ, ఆసుపత్రి కాగితాలు జతచేసి పల్లెలో ఎంపీడీఓకి, పట్నంలో మున్సిపల్ కమిషనరుకి అప్పీలు ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.