సిరొంచ వైపు మిర్చి రైతులు జాగ్రత్త: డీఏపీతో అంటగడుతున్న 'టానిక్' సీసాలు

మహారాష్ట్రలోని మన సిరొంచ తాలూకాలో మిర్చి, పత్తి వేసేవాళ్లు కొనే ముందు ఇది చదవండి. పోయిన సీజన్‌లో డీఏపీ ఎరువుకు పోతే, ఇక్కడి ఒక కృషి కేంద్రం (ఎరువులు, మందుల షాపు) వాళ్లు బస్తాకో సీసా కొంటేనే బస్తా ఇస్తామన్నారు. సముద్రపు నాచుతో చేసిన బయోస్టిమ్యులెంట్ అట, 480 రూపాయలు. బిల్లు మాత్రం డీఏపీకే రాశారు. సీసా కూడా రాయమంటే "అది స్కీమ్ ఐటెం అన్నా, బిల్లు రాదు" అన్నారు. స్కీమైతే డబ్బులెందుకు తీసుకున్నట్టు?

లేబుల్ మొత్తం మరాఠీలో ఉంది. చదవడం రాకపోతే బడికి పోయే పిల్లలతో చదివించండి. పూతకూ కాతకూ ఆకు ముడతకూ అన్నిటికీ ఇదొక్కటే చాలని రాశారు. అసలు మోసం ఇక్కడే. బయోస్టిమ్యులెంట్ అంటే మొక్క పోషకాలను బాగా తీసుకోవడానికి, ఎండనూ నీటి ఎద్దడినీ తట్టుకోవడానికి తోడ్పడేది. చట్టం ప్రకారం పురుగుమందులు దాని కిందికి రానే రావు. మిర్చిలో ముడత ఎక్కువగా వచ్చేది తామర పురుగు, నల్లి వల్ల. నాచు రసానికి అవి చావవు. చచ్చాయంటే లేబుల్‌లో చెప్పని మందేదో కలిపారని అనుమానించాలి, అది ఇంకా టెన్షన్. మా తోటలో ఆకు కొన్నాళ్లు నిగనిగలాడింది, ముడత అట్లనే ఉంది.

గట్టిగా అడిగితే జీ-3 సర్టిఫికెట్ చూపిస్తారు. 2021లో బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చాక ఇచ్చిన తాత్కాలిక అనుమతి అది. 2025 జూన్ 16తో దాని గడువు అయిపోయింది. ఇప్పుడు ఆ ఉత్తర్వు ఆరో షెడ్యూల్‌లో నోటిఫై అయినవే అమ్మాలి, అవి కూడా ఫలానా పంటకు, ఫలానా మోతాదులో అని ఉంటాయి. ఒకప్పుడు 30,000 దాకా ఉన్న ఉత్పత్తులు ఇప్పుడు 650 వరకే మిగిలాయని కేంద్ర మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 జూలైలో చెప్పారు. మిగతా సరుకును మనలాంటి మూలల్లో వదిలించుకుంటున్నారని నా అనుమానం. ఎరువుతో పాటు ఇవి అంటగట్టడం ఆపించాలని అదే నెలలో ఆయన ముఖ్యమంత్రులకు ఉత్తరం కూడా రాశారు.

నాచు రసం, హ్యూమిక్ యాసిడ్ లాంటి బయోస్టిమ్యులెంట్లు పనికిరానివని నేననడం లేదు. కావాలంటే విడిగా, పక్కా బిల్లుతో కొనుక్కోండి. ఎరువు తగ్గించి వీటి మీదే ఆధారపడకండి.

ఫిర్యాదుకు ఇంకో చిక్కుంది. షాపు గోదావరి అవతల, తెలంగాణలోని కాళేశ్వరం వైపుదైతే అక్కడి మండల వ్యవసాయ అధికారి దగ్గరికే పోవాలి. ఇటువైపుదైతే మన తాలూకా కృషి అధికారికి రాసివ్వాలి. మేము రాసిచ్చాం, ఇంకా ఎవరూ రాలేదు. ఇలాంటి సీసా మీ దగ్గరుంటే సీల్ తీయకుండా ఉంచండి, బ్యాచ్ నంబర్ ఫొటో తీసిపెట్టుకోండి.