ఐదేళ్లుగా మా ఇంట్లో బొమ్మ కార్డులు

మా బాబుకు మూడేళ్లు నిండాక ఆటిజం ఉందని తేలింది. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. నాలుగో ఏటి నుంచి విజయనగరంలోని మా ఇంట్లో ఒక్కరోజు కూడా మానకుండా వాడుతున్న బొమ్మ కార్డుల గురించి, ఇదే దారిలో ఉన్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ పద్ధతిని పిక్చర్ ఎక్స్ఛేంజ్ కమ్యూనికేషన్ సిస్టమ్ అనీ, పొట్టిగా పెక్స్ అనీ అంటారు. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ దీన్ని రూపొందించారు. బిడ్డ తనకు కావలసిన వస్తువు బొమ్మను తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి. పెట్టిన వెంటనే ఆ వస్తువు వాడి చేతికి రావాలి. మొత్తం ఆరు దశలున్నా, మొదటి దశ కుదిరితేనే మిగిలినవి కుదురుతాయి.

ఆ మొదటి దశలోనే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. కార్డు ముందు పెట్టి "ఏం కావాలి నాన్నా?" అని పదే పదే అడిగేదాన్ని. అలా అడగకూడదనీ, అడిగితే బిడ్డ మన ప్రశ్న కోసం ఎదురుచూడటమే నేర్చుకుంటాడు తప్ప తానుగా అడగడం నేర్చుకోడనీ మాకు నేర్పిన స్పీచ్ థెరపిస్టు గారు చెప్పారు. ఈ దశలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఎదురుగా ఉన్నవారు వస్తువు పట్టుకుని చేయి చాపాలి. వెనక కూర్చున్నవారు నోరు మెదపకుండా బిడ్డ చేతిని కార్డు వైపు నడిపించి, మెల్లమెల్లగా ఆ సాయం తగ్గించుకుంటూ రావాలి. వెనక మా అత్తమ్మగారు కూర్చునేవారు. నా చేతిలో భీమాళి మామిడి తాండ్ర, చిటికెన వేలి గోరంత ముక్క. ఒక సాయంత్రం అత్తమ్మగారు చేయి వేయకముందే వాడు కార్డు తీసి, నా ముఖం వైపు చూడకుండానే, నా అరచేతిలో గట్టిగా అదిమిపెట్టాడు. కార్డు అంచు గుచ్చుకున్న ఆ నొప్పి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల స్ఫూర్తి కథల్లో చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ చేతి మీద నీళ్లు పడిన ఘట్టాన్నే అందరూ చెబుతారు. ఆమెకు చదువు చెప్పిన ఆనీ సల్లివాన్ ఆ ఇంటికి వచ్చింది 1887 మార్చి 3న; నీళ్ల పంపు దగ్గర, చేతిలో రాసే అక్షరాలకు అర్థం ఉందని ఆ పాపకు తెలిసింది ఏప్రిల్ 5న. ఆ నడుమ నెల రోజులూ ఆమె ఆ పాప అరచేతిలో అక్షరాలు రాస్తూనే ఉంది. పాప వాటిని అనుకరించింది గానీ, వాటికి అర్థం ఉందని గ్రహించలేదు. నాకు ధైర్యమిచ్చింది ఏప్రిల్ 5 కాదు, ఆ నెల రోజులు.

ఇక లోపాల సంగతి. మొదట కొన్న రెడీమేడ్ సెట్టు మాకు అక్కరకు రాలేదు. అందులో బర్గరు, మంచు బొమ్మ వంటివి ఉన్నాయి గానీ ఇడ్లీ లేదు, చద్దన్నం లేదు, వాడు నీళ్లు తాగే స్టీలు గ్లాసు లేదు. అంతకంటే పెద్ద చిక్కు వాక్యం కూర్చే దశలో వచ్చింది. ఇంగ్లీషులో "ఐ వాంట్" ముందు వస్తుంది కనుక ఆ కార్డును, బొమ్మలను వరసగా అంటించి వాక్యం కూర్చే పట్టీకి ఎడమ చివర అంటించి ఇచ్చారు. మన మాటలో "కావాలి" చివర వస్తుంది. దాన్ని కుడి వైపుకు మార్చి, ముందు వస్తువు బొమ్మ, తరువాత "కావాలి" అని పెట్టాక, మేము చదివే వరసా వాడు అంటించే వరసా ఒకటయ్యాయి. అప్పటి నుంచి మా ఇంటి వస్తువులనే ఫోన్‌తో ఫొటోలు తీసి, లామినేషన్ చేయించి, వెనక వెల్క్రో అంటిస్తున్నాను. వానాకాలంలో అంచులు విడిపోతాయి, వెల్క్రోలో నూలుపోగులు చేరి పట్టు పోతుంది. అందుకే ముఖ్యమైన కార్డులు మూడేసి ప్రతులు ఉంచుకోవాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, ఎందుకంటే వాడు నోట్లో పెట్టుకుంటాడు.

"బొమ్మలు అలవాటైతే ఇక మాట రాదు" అని బంధువులు భయపెట్టారు. ఆ భయానికి ఆధారం లేదు. కార్డు ఇస్తూ మేము ప్రతిసారీ ఆ మాట పలకడం వింటూ, కార్డులు మొదలుపెట్టిన మూడో ఏడాదికి "తాండ" అన్నాడు. ఇప్పుడు ఇరవై దాకా మాటలున్నాయి. అందరి పిల్లలకూ మాట వస్తుందని మాత్రం నేను చెప్పను.

ఒక పాఠశాలవారు మేము కార్డులు పెట్టుకునే ఫైలు చూసి, ఇలాంటి పిల్లలను తమ దగ్గర చేర్చుకోలేమన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. తల్లిదండ్రులు ఆ సంగతి తెలుసుకుని బడి గడప ఎక్కాలి. తరువాత, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో టీచరుగారు మా కార్డుల వరసనే అనుసరించడం వల్ల ఇంట్లో ఒక తీరు, బయట ఒక తీరు అనే అయోమయం వాడికి తప్పింది.

ఒక్క కార్డే ముందుగా చేసుకోమంటే "చాలు" కార్డు చేసుకోమంటాను. నిరుడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్లినప్పుడు డప్పుల మోతకు వాడి చెవులు ఎర్రబడ్డాయి. అంతకు ముందైతే తన చేయి తానే కొరుక్కునేవాడు. ఆ రోజు నా భుజానికున్న సంచీ జిప్పు తానే లాగి, ఫైలు తెరిచి, "చాలు" తీసి నాకిచ్చాడు. సిరిమాను ఊరేగింపు ఇంకా కదలనే లేదు. మేము ఇంటికి వచ్చేశాం.